పగటి మంట

ఎడిటరు వంటగదిలోకి వచ్చేసరికి కొలతలక్క పన్నెండో నిమ్మకాయ పిండుతోంది.

వారపత్రిక ఆఫీసులో మూడో అంతస్తు చివరి గది అది. పత్రికలో అచ్చయ్యే ప్రతి వంటా, ప్రతి పానీయమూ ముందు ఆ గదిలో ఆమె చేతుల మీదుగా వెళ్ళాలి. ‘చిటికెడు’ అని ఎవరైనా రాసుకొస్తే, ఎవరి చిటికెడని అడుగుతుంది. ‘తగినంత’ అన్న మాట కనపడితే ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తుంది. అందుకే ఆఫీసంతా ఆమెను కొలతలక్క అంటారు. జీతాల కాగితం మీద తప్ప ఆమె అసలు పేరు ఇంకెక్కడా కనపడదు.

మామూలుగా ఆ గదిలో అడుగుపెడితే ఎడిటరు ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా మాట్లాడడు. ఆ సోమవారం మాత్రం బల్ల మీద కోసిపెట్టిన పండ్ల వంక కూడా చూడలేదు.

“అక్కా, చెయ్యి తుడుచుకుని ఇది చూడండి.”

కవరులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. ఒక కుడిచెయ్యి. మణికట్టు దాకా కట్టు. చిటికెనవేలి కొస ఒక్కటే బయటికి ఉంది. దానితోపాటు రెండు పేజీల ఉత్తరం.

‘పోయిన నెల మీ పత్రికలో ఇంట్లో కలుపుకోదగ్గ రమ్ము పానీయాలని ఐదు వేశారు. అందులో నాలుగోది మా చెల్లెలు చేసింది. మీరు రాసినట్టే చేసింది. దాని చెయ్యి చూడండి.’

కొలతలక్క నిమ్మరసం వేళ్ళను పదేపదే తువాలుకి తుడుచుకుంది. నాలుగోది ఏదో ఆమె వేరే గుర్తు చేసుకోనక్కర్లేదు. నల్లరమ్ము నాలుగు చెంచాలు, అనాసరసం ఆరు, నిమ్మరసం రెండు, పంచదార పాకం ఒకటి. మూత గట్టిగా ఉన్న సీసాలో పోసి ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా ఊపాలి. తువాలులో చుట్టి నలగ్గొట్టిన మంచు మీద పోయాలి. రసం పిండేసిన నిమ్మడిప్పను పైన తేలేసి, అందులో ఒక చెంచా ఘాటు రమ్ము పోసి వెలిగించాలి. ఆ ఆఖరి వాక్యాన్ని ఆమె కొట్టేసింది. పక్కన ‘ఇంట్లో వద్దు’ అని రాసింది కూడా. మంట లేకపోతే ఆ పేజీలో ఇంకేముందక్కా, పండ్లరసమేగా అని ఎడిటరు దాన్ని మళ్ళీ చేర్చాడు.

“లాయరుగారు గురువారం వస్తారు. ఈ కాగితం ఆయనే రాసిచ్చారు. మీరు సంతకం పెడితే చాలు,” అన్నాడు ఎడిటరు.

ఆమె చదివింది. ‘అచ్చయిన పద్ధతిలోనే ఈ పానీయాన్ని మూడుసార్లు చేసి చూశాను. ఏ ప్రమాదమూ కలగలేదు. పాఠకురాలు మండుతున్న గ్లాసులో సీసాతో మళ్ళీ రమ్ము పోసింది. అది పత్రిక చెప్పిన పని కాదు.’

“మళ్ళీ పోసిందా?”

“రెండో పేజీలో వాళ్ళే రాశారు చూడండి. మండేదాంట్లో సీసా వంచితే సీసా అంటుకోదూ? మనం పొయ్యమన్నామా?”

“నేను అసలు వెలిగించడమే వద్దని రాశాను కదండీ.”

“రాశారు. ఆ తర్వాత ఫొటో కోసం వెలిగించింది మీరే. పరీక్ష కాగితం మీద సంతకమూ మీదే.” ఎడిటరు గొంతు తగ్గించాడు. “ఇది నా మాట కాదు, లాయరుగారి మాట. ఇంకోటి కూడా చెప్తా వినండి. ఈ రోజుల్లో పత్రికకి వంటగదేమిటి, మూసేద్దామంటున్నారు పైవాళ్ళు. నేనే అడ్డుపడుతున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దక్కా.”

అతను వెళ్ళాక ఆమె మిగిలిన నిమ్మకాయలు పిండడం మొదలుపెట్టింది. పదహారోది పిండుతూ, గింజలు జల్లెడలో కాకుండా రసంలో పడుతున్నాయని చూసుకుంది.

మంగళవారం పొద్దున ఎవరూ రాకముందే ఆ పానీయం మళ్ళీ చేసింది. ఫొటో తీసిన రోజు ఎలా చేసిందో అలాగే. కిటికీ తెరలు మూసి, నేపథ్యానికి పెట్టిన నల్లబట్ట వేలాడదీసి, అదే గ్లాసు, అదే రమ్ము. అగ్గిపుల్ల దగ్గరికి తేగానే నిమ్మడిప్పలో నీలిమంట లేచింది. నెమలిమెడ రంగులో బుద్ధిగా నిలబడి వెలిగింది. యాభై అంకెలు లెక్కపెట్టేసరికి తనంతట తనే ఆరిపోయింది. గ్లాసు చిట్లలేదు. డిప్ప అంచు కాస్త కమిలింది, అంతే. రెండోసారి చేసింది. మూడోసారి చేసింది. అంతే.

అంటే కాగితంలో రాసిందంతా నిజమే. ఆమె కలం తీసి, మూత విప్పి, కాగితం ముందుకు లాక్కుంది. ఆ ఫొటోలో బయటికి ఉన్న చిటికెనవేలి కొస కళ్ళముందు ఆడింది. కలం మూత పెట్టేసింది.

ఆమె భర్త బడి బస్సు నడుపుతాడు. మందు వాసన కూడా పడని మనిషి. మా ఆవిడ పొద్దున పదింటికే రమ్ము పుక్కిలించి జీతం తెచ్చుకుంటుందని స్నేహితుల దగ్గర చెప్పి నవ్విస్తుంటాడు. ఆ సాయంత్రం మాత్రం ఆమె మొహం చూసి హాస్యమాడలేదు. విషయమంతా విన్నాడు.

“ఉన్న సంగతే రాశారంటున్నావు. మరి పెట్టెయ్యరాదూ సంతకం?”

“ఉన్న సంగతే. అదే గొంతులో అడ్డం పడుతోంది. కళ్ళ ముందు మండుతుంటే, పసిపిల్లైనా పోస్తుందా అందులో? ఆవిడ ఎందుకు పోసింది?”

“నన్నడిగితే నాకేం తెలుస్తుంది? ఆవిణ్ణే అడుగు.”

అతను ఆ మాట తేలిగ్గానే అని, చెప్పులు విప్పుకోవడంలో పడ్డాడు. ఆమె ఉత్తరం కవరు తిప్పి వెనక రాసిన చిరునామా చదువుకుంది.

బుధవారం మధ్యాహ్నం రెండు బస్సులు మారి వెళ్ళింది. నాలుగంతస్తుల పాత భవనం. మెట్ల మీద ఎవరో సైకిలు పెట్టారు. పై అంతస్తులో తలుపు తీసినావిడకి యాభై దాటి ఉంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. పెదాల మధ్య వెలిగించని సిగరెట్టు ఉంది.

“ఎవరు కావాలి?”

“పత్రిక వంటగదిలో పనిచేస్తానండి. ఉత్తరం చూసి...”

“ఓహో, వచ్చారూ! చేతులు కాలాక ఆకులు పట్టుకుని వచ్చారు.” తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు. “మొన్న ఒకడు వచ్చాడు, మీ లాయరు మనిషట. ఆ టైముకి తాగి ఉన్నారా అమ్మా అని దాన్ని అడిగాడు. మళ్ళీ ఇప్పుడు మీరొచ్చారా, పుండు మీద కారం చల్లడానికి?”

“నన్నెవరూ పంపలేదండి. అచ్చవకముందు ఆ పానీయం చేసి చూసింది నేను. ఫొటో కోసం వెలిగించిన చెయ్యి కూడా నాదే.”

ఉత్తరం రాసిన అక్కగారు ఆమె చేతుల వంక చూసింది. “బాగానే ఉన్నాయే,” అని పక్కకి తప్పుకుంది.

గదినిండా గడియారాల చప్పుడు. గోడలకి, అల్మరాలో, కిటికీ గట్టు మీద. కొన్ని నడుస్తున్నాయి. కాగితపు చీటీలు కట్టినవి చాలా ఆగి ఉన్నాయి. కిటికీని ఆనుకుని ఒక బల్ల, దాని మీద వేలెడంత పొడవు లేని స్క్రూడ్రైవర్లు, పటకార్లు వరసగా పేర్చి ఉన్నాయి. చెల్లెలు ఆ బల్ల దగ్గర కాకుండా గోడవార కుర్చీలో కూర్చుంది. కట్టున్న చెయ్యిని దిండు మీద పెట్టుకుంది. ఈ గడియారాలు బాగుచేసేది ఆమేనని, ఆ చీటీలన్నీ ఈ చెయ్యి కోసమే ఎదురుచూస్తున్నాయని కొలతలక్కకి వేరే చెప్పనక్కర్లేకపోయింది.

“కూర్చోండి. మా అక్క మాటలు మనసులో పెట్టుకోకండి. అది నాకంటే ఎక్కువ భయపడింది,” అంది చెల్లెలు.

“ఎలా జరిగిందో నాకు మొదట్నించీ చెప్తారా? దేని తర్వాత ఏం చేశారో అలాగే.”

చెల్లెలు నెమ్మదిగా చెప్పింది. ఆ రోజు అక్క పుట్టినరోజు. బజారు నుంచి అక్క తిరిగి వచ్చేలోపల చేసిపెట్టాలనుకుంది. పత్రిక ముందు పెట్టుకుని చెంచాతో కొలిచింది. ఇరవై అంకెలు లెక్కపెట్టి ఊపింది. చెప్తుంటే ఆమె ఎడమచెయ్యి గాలిలో పాకం చెంచాను అంచుకి సమంగా గీసింది. కొలతలక్క ఆ సైగ చూసి తలదించుకుంది. ఇన్నేళ్ళలో తను రాయించిన కొలతల్ని ఇంత శ్రద్ధగా పాటించినవాళ్ళు ఎక్కడో ఉన్నారని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“డిప్పలో ఒక చెంచా పోశాను. అగ్గిపుల్ల గీసి పెట్టాను. అంటుకోలేదు. ఇంకో పుల్ల గీశాను. ఊహూఁ. రమ్ము చాల్లేదేమో అనుకుని సీసా వంచాను.” ఆమె కట్టు వంక చూసుకుంది. “అప్పటికి ఒక్క చుక్క తాగలేదండీ నేను.”

“మంట కనపడలేదా?”

“లేదు.” ఆమె కొలతలక్క వైపు చూడలేదు, కిటికీ వైపు చూసింది. “నా కంటికి కనపడలేదు.”

అక్కగారు విసురుగా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి లైటరు నొక్కింది. సిగరెట్టు కొస దగ్గర పెట్టుకుని కళ్ళు చికిలించింది. “అంటుకుందో చచ్చిందో!” అని గొణిగి, రెండో అరచెయ్యి అడ్డం పెట్టి చూసింది. అప్పటికే సిగరెట్టు కొస నల్లబడి పొగ వస్తోంది.

కొలతలక్క లేచి నిలబడింది. లైటరు వంక, దాని వెనక తెల్లగా కొడుతున్న ఎండ వంక, ఆ ఎండలో మెరుస్తున్న బల్ల వంక చూసింది.

“మీరు ఎన్నింటికి చేశారమ్మా?”

“నాలుగైంది. ఇప్పటిలాగే ఎండ బల్ల మీద ఉంది. ఇంట్లో వెలుతురంతా ఇక్కడేగా, కొలతలు సరిగ్గా కనపడతాయని ఇక్కడ పెట్టుకుని చేశాను.”

కొలతలక్క సెలవు తీసుకుంది. వీధి తలుపు దగ్గర అక్కగారు వెనక నుంచి అంది. “ఏవైనా కాగితాలు తెచ్చి సంతకం పెట్టమనేట్టయితే మాత్రం మళ్ళీ రావద్దు.”

“సంతకం పెట్టాల్సింది నేనమ్మా, మీరు కాదు.”

గురువారం ఆమె గంట ముందే ఆఫీసుకి వెళ్ళింది. వంటగది తెరలు రెండువైపులా పూర్తిగా లాగేసింది. నల్లబట్ట మడిచి బీరువాలో పెట్టింది. పదిన్నరకి ఎండ బల్ల మీదికి వచ్చింది. ముందు తనొక్కతే ఒక గ్లాసులో చేసి చూసుకుని, దాన్ని కడిగి బోర్లించింది. వాళ్ళు వచ్చే వేళకి ఫొటోలో ఉన్నట్టే అన్నీ సర్దింది: మంచు మీద తయారైన పానీయం, తేలుతున్న నిమ్మడిప్ప, చిన్న గిన్నెలో కొలిచిన ఒక చెంచా ఘాటు రమ్ము, పక్కన రమ్ము సీసా, అగ్గిపెట్టె. చేతికి అందేంత దూరంలో ఒక పింగాణీ పళ్ళెం, తడితువాలు పెట్టుకుంది.

పదకొండున్నరకి ఎడిటరు, వెనకాలే లాయరు వచ్చారు. లాయరుకి అరవై పైనే. ఇస్త్రీ చెదరని చొక్కా. సంతకానికి కలం కూడా ఆయనే తీసి మూత విప్పి పెట్టాడు.

“ఇదేనమ్మా, ఇక్కడ పెట్టండి.”

“పెడతానండి. ‘అచ్చయిన పద్ధతిలోనే’ అని రాశారు కదా, ఇంకొక్కసారి అచ్చయిన పద్ధతిలో చేసి చూద్దాం.”

ఎడిటరు గడియారం చూసుకున్నాడు. “సరే, త్వరగా చేసి చూపించండక్కా.”

“నేను కాదండీ. నా చేతికి అలవాటు. ఇళ్ళల్లో చేసేవాళ్ళకి అలవాటుండదు. లాయరుగారు చెయ్యాలి.”

లాయరు నవ్వేశాడు. “టీ పెట్టడం కూడా రాదమ్మా నాకు.”

“అందుకేనండీ.”

ఎడిటరు ఏదో అనబోయాడు గాని, లాయరు అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నాడు. ఆయనకి సరదాగానే ఉన్నట్టుంది. కొలతలక్క పేజీ ఆయన ముందు పెట్టి, పేజీలో ఉన్నదే చెయ్యండి, నేను నోరు విప్పను అంది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని పైకే చదివాడు. “డిప్పలో... ఒక చెంచా... ఘాటు రమ్ము పోసి...” గిన్నెలోది ఒలకకుండా పోశాడు. “...వెలిగించండి.” అగ్గిపుల్ల గీశాడు. మొదటిది విరిగింది. రెండోది గీసి, డిప్ప దగ్గర పెట్టి, వేలు కాలకముందే వెనక్కి తీసుకున్నాడు.

ముగ్గురూ గ్లాసు వంక చూశారు. ఎండలో మంచుముక్కలు మెరుస్తున్నాయి. నిమ్మడిప్ప ఆకుపచ్చగా తేలుతోంది. అంతే.

“అంటుకోలేదు,” అన్నాడు లాయరు.

కొలతలక్క ఎడమచెయ్యి పళ్ళెం అంచు మీద ఉంచి, లోపల్లోపల అంకెలు లెక్కపెడుతోంది. ఐదు. ఆరు. ఆయన ఇక్కడితో ఆగిపోతే, సరే చాల్లెండి అని కలం అందిస్తే, తను చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. తొమ్మిది. పది.

లాయరు ఇంకో పుల్ల గీసి, వంగి, ఈసారి కొంచెం సేపు పెట్టాడు. ఊదేసి పక్కన పడేశాడు. “ఏమయ్యా, ఇది మంచి సరుకేనా?” అన్నాడు ఎడిటరుతో. పేజీ వంక మళ్ళీ చూశాడు. తల గోక్కున్నాడు. పద్ధెనిమిది. పంతొమ్మిది.

“ఒక్క చెంచా సరిపోలేదనుకుంటా,” అని సీసా అందుకుని మూత తిప్పాడు. గ్లాసు మీదికి వంచాడు.

సీసా మెడ కింద కొలతలక్క పళ్ళెం అడ్డం పెట్టింది.

“ఆగండి.”

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమె పాత పత్రికలోంచి వేలెడు వెడల్పు కాగితం చింపి, దాని కొసని నిమ్మడిప్పకి బెత్తెడు పైన పట్టుకుంది. ఏమీ లేని గాలిలో కాగితం కొస గోధుమరంగుకి తిరిగింది, ముడుచుకుంది, భగ్గున పసుపుమంటతో అంటుకుంది. ఆమె దాన్ని నీళ్ళతొట్టిలో పడేసి, పళ్ళెం గ్లాసు మీద బోర్లించింది.

ఎడిటరు రెండడుగులు వెనక్కి వేసి అల్మరాకి తగిలాడు. లాయరు ఇంకా సీసాని అలాగే పట్టుకుని ఉన్నాడు.

“భయపడకండి, సీసాలో నీళ్ళే పోసిపెట్టాను,” అంది ఆమె. “ఆవిడ సీసాలో మాత్రం నీళ్ళు లేవు.”

లాయరు సీసా మూతి వాసన చూశాడు.

“మొదటి పుల్లకే అంటుకుందా ఇది?” అన్నాడు.

“మొదటి పుల్లకే. ఈ మంట ఎండలో కనపడదండీ. ఈ పేజీ రాసిచ్చిన పెద్దమనిషికి బారు ఉంది, అందులో పగలు కూడా చీకటే. ఫొటో రోజు మేం తెరలు మూశాం. ఇంట్లో తెరలు మూసుకుని ఎవరు కలుపుతారు? నేనూ ఆలోచించలేదు. మూడుసార్లూ చీకట్లోనే వెలిగించి, బాగుందని సంతకం పెట్టాను. వద్దని రాసినప్పుడు కూడా, ఎందుకు వద్దో నాకు తెలియలేదు.”

“అక్కా, ఇప్పుడు ఈ సంగతి బయట...” అంటూ ఎడిటరు మొదలుపెట్టాడు.

లాయరు అతని మాట వినిపించుకోలేదు. సీసాని రెండు చేతులతో బల్ల మీద పెట్టి, జేబులోంచి ఫోను తీసి, కిటికీ వైపు తిరిగాడు.

“ఏమోయ్, నేనే. ఫ్రిజ్ మీద నేనొక కాగితం అంటించాను చూడు... ఆఁ, గ్లాసులో మంట బొమ్మ. అదే. దాన్ని తీసెయ్. కాదు, దాచడం కాదు, చింపెయ్. ఆదివారం తమ్ముడూ వాళ్ళొస్తే వేరే ఏదైనా చేద్దాం. సీసా తెచ్చానుగా, ముందు అది పై అరలో పెట్టు... ఎందుకేమిటి, వచ్చాక చెప్తాను. ముందు చింపు. చింపావా? చప్పుడు వినపడలేదు.”

ఆయన ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ చప్పుడు వినపడిందేమో, భుజాలు కిందికి దిగాయి. తిరిగి వచ్చి, తను రాసిన కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“ఎన్ని కాపీలు వేశావయ్యా ఆ సంచిక?”

“ముప్పై ఎనిమిది వేలు,” అన్నాడు ఎడిటరు.

“ముప్పై ఏడువేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది ఇంకా ఎవరి ఫ్రిజ్‌ల మీద ఉన్నాయో. వచ్చే సంచిక దాకా ఆగకు. రేపటి దినపత్రికల్లోనే వెయ్యాలి. పెద్ద అక్షరాలతో.”

ఎడిటరు ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఏమని వెయ్యాలి? పొరపాటున ఒక వాక్యం చేరిందని...”

“చేరలేదండీ, చేర్చాం,” అంది కొలతలక్క. “మీరు చేర్చారు, నేను వెలిగించాను. పరీక్షించిన మనిషిగా నా పేరు కూడా వెయ్యండి. ముందు ఇలా మొదలుపెట్టండి: ఈ మంట పగలు కనపడదు.”

ఎడిటరు ఆమె వంక ఒకసారి చూసి, జేబు తడుముకుని, లాయరు కలమే తీసుకుని రాసుకున్నాడు. వంటగది ఉంటుందో ఊడుతుందో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆమె పళ్ళెం తీసి చూసింది. డిప్ప చల్లారింది. గ్లాసు తొట్టిలో ఒంపేసి, చెయ్యి కడుక్కుని, ఉత్తరంలో ఉన్న నంబరుకి ఫోను చేసింది. అక్కగారు ఎత్తింది. పేరు చెప్పకముందే గొంతు గుర్తుపట్టి, ‘ఉండండి’ అని చెల్లెలి చెవి దగ్గర పెట్టింది.

కొలతలక్క ఉన్నదున్నట్టు చెప్పింది. లాయరు గ్లాసు ముందు నిలబడి రెండో పుల్ల గీయడం, సీసా అందుకోవడం, కాగితం అంటుకోవడం. అవతల గడియారాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

“ఉన్నారా అమ్మా?”

“ఆయనకీ కనపడలేదా?” అంది చెల్లెలు.

“ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ఎవరికీ కనపడలేదు.”

“ఎవరికీ?”

“ఎండలో ఎవరికీ కనపడదమ్మా.”

చెల్లెలు ఊపిరి పీల్చుకోవడం వినపడింది. ఆ తర్వాత గొంతు ఫోనుకి దూరంగా జరిగింది.

“అక్కా,” అంటోంది ఆమె, “అక్కా, నా కళ్ళు బాగానే ఉన్నాయట.”